మడత విసనకర్ర: వెల, విలువ

శ్రీరామనవమినాడు పందిట్లో పానకమూ వడపప్పూ పంచి, వాటితోపాటు ఒక తాటాకు విసనకర్ర చేతికివ్వడం ఆంధ్రదేశంలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఎండలు ముదరబోతున్నవని చెప్పే తొలి హెచ్చరిక అది. ఆ ఎండలను ఓర్చుకొనడానికి అందే తొలి సాధనమూ అదే. పల్నాటి రెంటచింతల మొదలుకొని ఒంగోలు దాకా వ్యాపించిన మిరప, పత్తి మైదానాలలో వైశాఖ జ్యేష్ఠాలు ఎటువంటివో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. గొడుగు, పాదరక్షలు, నీటికుండలతోపాటు విసనకర్రను కూడ వేసవి దానాలలో చేర్చిన పెద్దలు ఈ ఎండ నెరిగినవారే.

ఆంగ్లేయ అధికారి బ్రాడీ పేరు పెట్టుకొని, 4వ లైను, 14వ అడ్డరోడ్డు అంటూ అంకెలతోనే చిరునామాలు చెప్పుకొనే గుంటూరు బ్రాడీపేటలో నేడు విసనకర్ర పని చాలవరకు విద్యుత్తు చేస్తున్నది. కరెంటు పోయినప్పుడు తప్ప అది ఎవరికీ గుర్తు రాదు. కాని ఏటా ఒక కాలంలో మరొక జాతి విసనకర్ర కోసం వెదుకులాట సాగుతుంది. అది పాఠశాలల వార్షికోత్సవాల కాలం. ఒక విదేశీ నృత్యమో, రాజసభా దృశ్యమో ప్రదర్శించాలన్న ఉత్సాహం పుట్టగానే, స్పెయిను దేశపు స్త్రీలు చేత పట్టుకొనే రకం, మడిస్తే కర్రలా ముడుచుకొని విప్పితే నెమలి పురిలా విచ్చుకొనే విసనకర్ర కావలసివస్తుంది. అందంగా ఉండాలి, వెల తక్కువై ఉండాలి, ఎనిమిదిమంది పిల్లలకు ఎనిమిది ఒకే రకానివి దొరకాలి.

ఇది చిన్న విషయంగానే తోస్తుంది. కాని ఆ ఎనిమిదిమందిలో మిరప యార్డులో రోజుకూలికి పోయే తల్లిదండ్రుల బిడ్డ ఒకతె ఉండవచ్చు. ‘మీ విసనకర్రకు మీరే డబ్బు తెచ్చుకొనవలె’ అని బడిలో చెప్పిన మరునాడు ఆ పిల్ల నాట్యంలోనుంచి తప్పుకొంటుంది. అడిగితే ‘కాలు నొప్పి’ అంటుందే కాని కారణం చెప్పదు. అందుచేత ఆ విసనకర్ర వెల ఎంత అన్న ప్రశ్న ఉపాధ్యాయులకు అలంకారాన్ని గురించిన ప్రశ్న మాత్రమే కాదు. దానికి సమాధానం చెప్పే ముందు ఆ వస్తువు పుట్టుపూర్వోత్తరాలు కొంత తెలుసుకొనడం మంచిది. వస్తువు స్వభావం తెలియనివాడు అంగడిలో ఎప్పుడూ ఎక్కువ వెలే చెల్లిస్తాడు.

తాటాకుతో చుట్టరికం

విసనకర్రకు మన భాషలో పేర్లు కొల్లలు: వీవన, సురటి, ఆలవట్టము. సంస్కృతంలో వ్యజనము, తాళవృంతము. లేడిచర్మంతో చేసినదానికి ధవిత్రమని అమరకోశం ప్రత్యేకంగా పేరు పెట్టింది. వీటిలో తాళవృంతమనే మాట గమనింపదగినది. తాళమంటే తాడిచెట్టు, వృంతమంటే తొడిమ. తొడిమతో కూడిన తాటాకే తొలినాటి విసనకర్ర అని ఆ మాటే సాక్ష్యం చెబుతున్నది. తరువాత ఆ పదం ఎంతగా వ్యాపించిందంటే, అభిజ్ఞానశాకుంతలం తృతీయాంకంలో కాళిదాసు తామరాకుల విసనకర్రలను సైతం తాళవృంతాలనే అన్నాడు. తిలలనుంచి వచ్చిన తైలమనే మాట అన్ని నూనెలకూ చెల్లినట్లే ఇదీ జరిగింది.

ఆశ్చర్యమేమంటే, పాశ్చాత్యులూ ఈ చెట్టును చూచి విసనకర్రనే తలచుకొన్నారు. వృక్షశాస్త్రంలో మన తాడిచెట్టు పేరు బొరాసస్ ఫ్లాబెల్లిఫెర్. లిన్నేయస్ 1753లో ప్రకటించిన గ్రంథంలో పెట్టిన పేరు అది. లాటిను భాషలో ఫ్లాబెల్లిఫెర్ అంటే ‘విసనకర్ర పట్టునది’ అని అర్థం. స్పెయిను దేశంలో మడత విసనకర్రకు వాడుక పేరు అబానికో. వలెన్సియా ప్రాంతంలో మాత్రం దానిని పాల్మీటో అని కూడ అంటారు. పాల్మీటో అనేది అక్కడ సహజంగా పెరిగే ఒక పొట్టి తాటిజాతి మొక్క పేరు. ఇక్కడా అక్కడా విసనకర్రకు పేరిచ్చిన కులం ఒక్కటే.

అబానికో అనే మాట పుట్టుక ఇంకా చిత్రమైనది. దాని మూలం లాటినులోని వన్నుస్ అనే పదమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. ఇంగ్లీషు ‘ఫ్యాను’ కూడ అందులోనుంచి పుట్టినదే. వన్నుస్ అంటే చేట! కళ్లంలో ధాన్యాన్ని తూర్పారబట్టే చేటనుంచి రాణివాసపు విసనకర్రకు పేరు వచ్చిందన్నమాట. గాలిని పనిలో పెట్టడం మనిషి మొదట నేర్చుకొన్నది పొట్టు ఎగరగొట్టడానికే కాబోలు. చెమట ఆర్చుకొనడం తరువాతి మాట.

సముద్రాలు దాటిన మడత

విసనకర్ర ప్రపంచమంతటా ఉన్నది. మడత మాత్రం జపానుది. సన్నని కొయ్య పేళ్లను ఒక చివర కలిపి, రెండవ చివర దారంతో కూర్చిన విసనకర్రలు అక్కడ సుమారు వేయి సంవత్సరాలకు పూర్వమే రాచనగరులో వాడుకలో ఉండేవి. కొద్ది కర్రలకు కాగితం అంటించిన రకానికి గబ్బిలమని పేరు పెట్టారు. విచ్చుకొనే రెక్కను చూచినవారికి ఆ పేరులోని ఔచిత్యం తెలుస్తుంది. 10వ శతాబ్ది చివరనాటికి ఇవి చైనాకు కానుకలుగా వెళ్లాయి. పోర్చుగీసువారు 1543లో జపాను తీరం చేరిన తరువాత యూరపుకూ చేరాయి. పోర్చుగీసు భాషలో నేటికీ మడత విసనకర్రను లెకె అంటారు; అది జపానుకు దక్షిణంగా ఉన్న ర్యుక్యు ద్వీపాల పేరునుంచి వచ్చిన మాట.

స్పెయినుకు వేరొక దారి ఉండేది. 1565 మొదలు 1815 వరకు మనీలా రేవునుంచి మెక్సికోలోని అకపుల్కోకు ఏటా వారి ఓడలు పసిఫిక్ సముద్రం దాటేవి. చైనా పట్టు, పింగాణీ, విసనకర్రలు ఆ ఓడలలో వెళ్లేవి. మన కోరమాండల్ తీరపు నూలుబట్టలూ, అద్దకం బట్టలూ మద్రాసు మీదుగా మనీలా చేరి అవే ఓడలెక్కేవి. తెలుగు సాలెవాని పంచ, చైనా పనివాని విసనకర్ర ఒకే పెట్టెలకు పక్కపక్కన ప్రయాణం చేసి ఉండవచ్చు. ఇక్కడినుంచి బట్ట పోయిన సముద్రపు దారినే అక్కడికి విసనకర్ర పోయిందని తెలిస్తే, ‘స్పెయిను విసనకర్ర’ అనే వస్తువు బొత్తిగా పరాయిదిగా తోచదు.

యూరపులో అది తొలుత దొరల వస్తువు. స్పెయిను చిత్రకారుడు వెలాస్కెస్ సుమారు 1640లో చిత్రించిన ‘విసనకర్ర పట్టిన వనిత’ నేడు లండనులోని వాలెస్ సంగ్రహాలయంలో ఉన్నది. విసనకర్రల పనివారు లండనులో 1709లో రాజశాసనం పొంది సంఘంగా ఏర్పడ్డారు. స్పెయినులో ఈ పనికి వలెన్సియా కేంద్రమైంది. ఆ నగరం పక్కనే ఉన్న అల్దాయా పట్టణంలో నేటికీ విసనకర్రలు చేస్తారు, వాటికొక ప్రదర్శనశాల కూడ ఉన్నది. కొయ్య చెక్కేవారు, చిల్లుల పని చేసేవారు, బొమ్మలు వేసేవారు, ఆకు అంటించేవారు ఎవరికి వారే. ఒక విసనకర్ర పూర్తి కావడానికి అన్ని చేతులు మారాలి.

విసనకర్రను చెంపకు ఆనించితే ఒక అర్థం, మూసి గుండెపై పెట్టుకొంటే మరొక అర్థం అంటూ ఒక ‘విసనకర్ర భాష’ ఉండేదని పుస్తకాలలో కనిపిస్తుంది. దానికి విశేష ప్రచారం కల్పించినవారిలో 1827లో పారిసులో నెలకొన్న దువెల్లెరువా విసనకర్రల సంస్థ ఒకటి. వారు ఆ సంకేతాల పట్టికను అచ్చువేసి కొనేవారికి పంచేవారు. అంటే అందులో వలపు ఎంతో, వర్తకమూ అంతే. మన కూచిపూడి నర్తకికి ఈ చిక్కు లేదు. వస్తువు లేకుండానే ఒట్టి హస్తంతో విసనకర్రనూ చూపగలదు, వచ్చే గాలినీ చూపగలదు. స్పెయిను నాట్యంలో మాత్రం విసనకర్ర ఒక పాత్ర. రంగస్థలం కోసం వాడే పెద్ద రకాన్ని పెరికోన్ అంటారు.

కొనేవారు చూడవలసినవి

మడత విసనకర్రలో నాలుగే భాగాలున్నవి. లోపలి సన్నని కర్రలు, రెండు అంచులలోని దళసరి కాపుకర్రలు, అన్నిటినీ అడుగున కలిపే చీల, పైన మడతలుపడిన ఆకు. ఆకు కాగితమైనా కావచ్చు, బట్ట అయినా కావచ్చు. ఆకు లేకుండా కర్రలనే వెడల్పుగా చేసి దారంతో కూర్చే రకం మరొకటి. మైసూరు ప్రాంతపు చందనపు విసనకర్రలు ఆ కోవలోవి. పూర్వం దంతంతోను, తాబేటి చిప్పతోను కర్రలు చేసేవారు. 1990 నుంచి ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారం నిషిద్ధం. కనుక ఎవరైనా ‘దంతపు విసనకర్ర’ చౌకగా ఇస్తానంటే నమ్మనక్కరలేదు, కొననూ కూడదు.

మంచిచెడ్డలు తేల్చడానికి బొమ్మను చూడడం తొలి పొరపాటు. బొమ్మ అచ్చులో ఎంత అందంగానైనా వస్తుంది. చూడవలసినది చీల. అది వదులైతే కర్రలు ఊగుతవి, బిగువైతే విప్పేటప్పుడు ఆకు చిరుగుతుంది. మెల్లగా విప్పినప్పుడు కర్రల మధ్య ఎడం సమంగా ఉండాలి. మూసినప్పుడు మడత ఏదీ కాపుకర్రల బయటికి రాకూడదు. పదిసార్లు విప్పి మూసిన తరువాత కూడ మడత తన గీతలోనే పడితే ఆ ఆకు నమ్మదగినది. అంగళ్లలో దొరికే చౌకరకాలలో పోతపోసిన ప్లాస్టిక్ కర్రలు ఎక్కువ. పిల్లల చేతిలో మొదట విరిగేది చీల దగ్గరనే.

విదేశాలనుంచి తెప్పించుకొనవచ్చు గాని వస్తువు వెలకు రవాణా, సుంకం తోడై చౌక అనేది మిగలదు. పైగా స్పెయిను వీధులలో యాత్రికులకు అమ్మే చౌక విసనకర్రలు చాలవరకు చైనా సరకే. అంత దూరంనుంచి తెప్పించి చివరకు చైనా అచ్చు బొమ్మను ఎనిమిదిసార్లు కొనడంకన్న వేరే దారి వెదకడం మేలు.

తరగతి గదిలో విసనకర్ర

ఆ దారి బ్రాడీపేటకు దూరం కాదు. కావలసిన వస్తువులు వెదురు బద్దలు, బట్ట, గంజి, ఒక చిన్న బోల్టు. మేదర పనివారు బుట్టలల్లే సన్నని వెదురు బద్దలు చీల్చి ఇవ్వగలరు. బట్టకు మంగళగిరి నేత చాలు. దర్జీ అంగట్లో మిగిలిన ముక్కలైనా చాలు. మచిలీపట్నపు సంప్రదాయంలో పెడనలో అద్దిన కలంకారీ ముక్క దొరికితే బొమ్మ వేయవలసిన పని కూడ తప్పుతుంది.

లెక్క ఇది. వ్యాసార్ధం 23 సెంటీమీటర్లతో ఒక వృత్తఖండం గీయాలి; కోణం 175 డిగ్రీలు. అదే కేంద్రంనుంచి 10 సెంటీమీటర్లతో లోపలి వంపు గీసి కత్తిరించాలి. కోణమానినితో 5 డిగ్రీలకు ఒకటి చొప్పున గీతలు గీస్తే 35 పట్టెలు వస్తవి. వాటిని ఒకటి లోపలికి, ఒకటి బయటికి మడవాలి. మొదటి పట్టె, మూడవది, ఐదవది, ఇట్లా బేసి పట్టెలకు కర్రలు అంటించాలి. మొత్తం 18 కర్రలు. వాటిలో రెండు కాపుకర్రలు. పట్టె వెడల్పు పై అంచున 2 సెంటీమీటర్లు ఉంటుంది, లోపలి అంచున సుమారు 9 మిల్లీమీటర్లే. కనుక కర్ర వెడల్పు 8 మిల్లీమీటర్లు మించకూడదు. మించితే విసనకర్ర మూసుకొనదు. ‘ఎందుకు మూసుకొనడం లేదు?’ అన్న ప్రశ్న పిల్లలకే పుట్టి, వారే కొలిచి తెలుసుకొంటే, వృత్తఖండపు చాపం పొడవు అనే పాఠం వారికి జన్మలో మరుపు రాదు.

బట్టకు ముందే చిక్కని గంజి పెట్టి ఆరనిచ్చి, ఇస్త్రీ చేసిన తరువాతనే మడత పెట్టాలి. లోపలి కర్రలు ఒక మిల్లీమీటరు మందం దాటకుండా గాజుపెంకుతోనో గరుకు కాగితంతోనో గీకాలి. చిన్నపిల్లలకు ఆ పని ఉపాధ్యాయులే చేసి ఇవ్వడం మంచిది. బోల్టు వేసిన తరువాత నట్టును చేతితో బిగించి చూచి, విసనకర్ర తన బరువుకు తాను మెల్లగా విచ్చుకొనేటంత వదులు ఉంచాలి. తొలి విసనకర్ర వంకరగా రావచ్చు. మూడవది సరిగా వస్తుంది.

గాలి చేసే పని

విసనకర్ర గాలిని చల్లబరచదు. చర్మంపైనున్న చెమట ఆవిరి కావడాన్ని త్వరపరుస్తుంది. ఆ ఆవిరి తనతో వేడిని తీసుకొనిపోతుంది. మనవారు తాటాకు విసనకర్రనూ, వట్టివేళ్ల విసనకర్రనూ నీళ్లు చల్లి వాడడంలోని రహస్యం ఇదే. ఎండ మరీ ముదిరినప్పుడు ఒట్టి గాలి మేలుకు బదులు కీడు చేస్తుంది. 40 డిగ్రీలకు మించిన వేడిలో విద్యుత్తు పంకా శరీరాన్ని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. గుంటూరు వేసవిలో అటువంటి దినాలు రాకపోవు. అప్పుడు నీడ, మంచినీరు, తడిగుడ్డ ప్రధానం. విసనకర్ర వాటికి తోడు మాత్రమే.

ఎవరి చేతి గాలి?

విసనకర్ర చరిత్రలో అన్నిటికన్న పెద్ద ప్రశ్న, విసిరేది ఎవరు అన్నది. అమరావతి శిల్పాలలో చామరధారులు కనిపిస్తారు. ఛత్రచామరాలు రాజచిహ్నాలు, వాటి గౌరవమంతా వాటిని వేరొకరు పట్టడంలోనే ఉన్నది. కంపెనీ కాలంలోను, ఆ తరువాతను కచేరీలలో దూలానికి వేలాడదీసిన పంకాను గోడ అవతల కూర్చున్న కూలివాడు తాడుతో లాగేవాడు. లోపలివారికి గాలి తెలిసేది కాని లాగేవాడు కనిపించేవాడు కాడు.

మడత విసనకర్ర ఈ వరుసను మార్చింది. అది ఎవరి చేతిలో ఉంటే వారికే గాలి. సంచిలో ఇమిడిపోతుంది, సేవకుని అక్కర లేదు. మన తాటాకు విసనకర్ర సామాన్యుల ఇళ్లలో ఈ పని ఎన్నడో చేసింది. ఆ మాటకు వస్తే మడత కూడ తాటాకుకు కొత్త కాదు. లేత ఆకు మొవ్వలో మడతలు మడతలుగా ముడుచుకొని ఉండి, ఎదిగేకొద్దీ విచ్చుకొంటుంది. చెట్టే మొదటి మడత విసనకర్ర చేసింది. బాపట్ల, చీరాల ఇసుకనేలలలో తాటితోపు చూచిన పిల్లలకు ఈ సంగతి చూపించి చెప్పవచ్చు.

అయితే చౌక అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. వస్తువు చౌకగా వచ్చే దారులు రెండున్నవి. అనవసరమైన దూరం, దళారీ, ఆడంబరం తగ్గించినందువల్ల వచ్చే చౌక ఒకటి. చేసినవాని కూలి కోసినందువల్ల వచ్చే చౌక రెండవది. మొదటిది పొదుపు, రెండవది గోడ అవతలివాని చేత పంకా లాగించుకొనడమే. తాటాకును నీడలో ఆరబెట్టి, బరువు కింద అణచి, గుండ్రంగా కోసి, అంచుకు ఈనె కట్టి కుట్టిన విసనకర్రకు నవమి ముందు బేరమాడేటప్పుడు ఈ భేదం గుర్తుండాలి. మేదరి దగ్గర వెదురు బద్దలు కొనేటప్పుడూ గుర్తుండాలి.

ఎనిమిది విసనకర్రలు తరగతిలోనే తయారైతే వాటికయ్యే ఖర్చు వెదురుకు, జిగురుకు, బోల్టులకు మాత్రమే. ఆ సొమ్ము బడి భరించగలదు. అప్పుడు ఏ పిల్లకూ కాలు నొప్పి రానక్కరలేదు. ఆ విసనకర్రలు స్పెయినువా, జపానువా, మంగళగిరివా అని ప్రేక్షకులలో ఎవరైనా అడిగితే, మూడూ అని చెప్పవచ్చు. చేసినది ఎవరని అడిగితే మాత్రం పిల్లలు తమ పేర్లే చెబుతారు.